నవమి తర్వాత వచ్చిన నీలం

నవమికి వచ్చే ఆయుధపూజ నాడు మా ల్యాబులో మైక్రోస్కోపుకు కూడా బొట్టు పెట్టేవాళ్ళం. నవ్వకండి. బెంగుళూరులో ఆ రోజు బొట్టు లేని వస్తువు కనిపించదు. జట్కా చక్రానికి, దర్జీ మిషనుకు, మగ్గానికి, హోటలు వంటింట్లో రుబ్బురోలుకు కూడా పసుపూ కుంకుమా పడతాయి. రోగుల రక్తం చూసే యంత్రం ఏం పాపం చేసిందని దాన్ని వదిలేస్తాం?

అవి యుద్ధం రోజులు, నలభైల మొదటి సంవత్సరాలు. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే మగవాళ్ళు మిలిటరీకి పోవడంతో ఖాళీ పడింది. హైస్కూలు చదివి ఇంట్లో కూర్చున్న నాకు ఆ పని నేర్పించి పెట్టుకున్నారు. మా నాయనకు పేటలో చీరల అంగడి. పెండ్లి కావాల్సిన పిల్లను రక్తాలూ మూత్రాలూ చూసే పనికి పంపుతారా అని చుట్టాలందరూ ముక్కు మూసుకున్నారు. వాసన నాకు కదా, మీరెందుకు మూసుకుంటారు అని నేను అడిగేదాన్ని. నా నోరు అప్పటినుంచీ ఇంతే.

ల్యాబులో ఉన్నది ముగ్గురం. నేను, సామాన్లు కడిగి సర్దే అటెండరు, మా డాక్టరు. డాక్టరు కన్నడం మాట్లాడేవారు, మాకోసం తెలుగు కూడా మాట్లాడేవారు. పనిలో దిట్ట, భక్తిలో దిట్ట, కోపంలో మరీ దిట్ట. ఆ ఏడు ఆయుధపూజకు ముందు రోజు ఆయనే నిలబడి గాజు సీసాలు, గిన్నెలు, జాడీలు అన్నీ దింపించారు. పూజకు పెట్టేవి తళతళలాడాలన్నారు. అటెండరు చాకలి సోడా తెచ్చి, పీచుతో తోమి తోమి పెట్టాడు. కొళాయి నీళ్ళు పొద్దున కాసేపే వచ్చేవి కాబట్టి ఒక బక్కెట్టులో ముంచి తీసి బోర్లించాడు. మరునాడు వాటికి చామంతులు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ కొబ్బరీ పంచుకుని ఇండ్లకు పోయాం.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. గాజు పలక మీద రక్తపు చుక్కను పలుచగా పూసి ఆరబెడతాం. దాన్నే స్లైడు అంటాం. దానిమీద ఊదారంగు మందు పోస్తాం. ఆ మందులో నీలం ఉంది, ఎరుపు ఉంది. కాసేపాగి బట్టీలో కాచి ఆవిరిని చల్లార్చి పట్టిన శుద్ధమైన నీళ్ళు కలిపితే, ఏ కణానికి ఏ రంగు ఇష్టమో అది ఆ రంగును పట్టుకుంటుంది. ఎర్రకణాలు లేత గులాబీ రంగు తేలతాయి. తెల్లకణాల మధ్యభాగం ఊదాగా ముదురుతుంది. రంగు సరిగ్గా పడితే రోగం దానంతట అదే కనిపిస్తుంది. పడకపోతే ఎంత చదివిన కన్నయినా మోసపోతుంది.

మా అక్కను ఆసుపత్రికి తెచ్చింది ఆ పూజ అయిన వారంలోనే. అక్కను యలహంక పాతవూళ్ళో పట్టుమగ్గాల వాళ్ళింటికి ఇచ్చాం. నేను ఎంత గయ్యాళినో అక్క అంత నెమ్మది. పెండ్లయిన చాలా ఏండ్లకు తొలి కాన్పు, ఆడపిల్ల. కడుపుతో ఉన్నన్నాళ్ళూ వాంతులని మజ్జిగన్నం తప్ప ఏమీ ముట్టలేదు. కాన్పయ్యాక బాలింత పత్యం అని వాళ్ళత్త మిరియాల పొడీ వెల్లుల్లీ వేసిన అన్నం ముద్దలే పెట్టింది. ఆకుకూర చూడకూడదు, పండు వాసన కూడా తగలకూడదు. అక్క మంచం మీంచి లేవలేకపోయింది. ముఖం నిమ్మపండులా అయింది, కాళ్ళు వాచాయి, నాలుక పుండై ఎర్రగా నున్నగా తయారైంది. బావ ఎత్తుకుని వార్డులోకి తెస్తుంటే నేను ఆమెను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక పరుగెత్తి ఆమె తల పట్టుకున్నాను.

రక్తం చూస్తే చాలలేదు. డాక్టరు రొమ్ము ఎముకలో సూది దించి కాస్త మజ్జ తీశారు. అక్క అరవలేదు. నా చేతిని మాత్రం గోళ్ళు దిగేలా పట్టుకుంది. "ఇంకోసారి ఇట్లా గుచ్చితే నేను ఉండను అమ్మీ" అంది. డాక్టరు కూడా ఈమె మళ్ళీ తట్టుకోలేదు అన్నారు. తీసిన మజ్జను స్లైడ్ల మీద పూసి, ఒకటి మినహా అన్నిటికీ రంగు వేశాం. ఆ ఒకటి ఎప్పుడైనా అవసరానికి ఉంటుందని కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టాను.

డాక్టరు చాలాసేపు చూశారు. చూస్తున్నంతసేపూ కాలు ఊపే మనిషి, ఆ ఊపడం ఆపేశారు. అది మంచి గుర్తు కాదని నాకు తెలుసు. మజ్జ నిండా పెద్ద పెద్ద కణాలు, ఒళ్ళంతా ముదురు నీలం. ఇవి ముదరని తెల్లకణాలు, ఇది రక్తపు క్యాన్సర్ అన్నారు. మందు లేదు అని కూడా అన్నారు. ఆ రోజుల్లో నిజంగానే లేదు. బావను వసారాలోకి పిలిచి ఆయనే చెప్పారు. బావ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

రెండు రోజుల్లో అత్తవారింట్లో అన్నీ తీర్మానమైపోయాయి. అక్క ఆడబిడ్డ, అంటే బావకు అక్క, హిందూపురం వైపు ఉండేది. ఆమెకు పిల్లల్లేరు. మొక్కని దేవుడు లేడు, తిరగని కొండ లేదు. కబురందగానే వచ్చింది. తల్లి లేని బిడ్డ అయ్యేలోగా బిడ్డను ఆమె ఒడిలో పెట్టేద్దామని అత్త అంది. అక్కే ఒప్పుకుంది.

"నేను ఉండంగానే నా చేతుల్తో ఇస్తే నాకు నెమ్మది" అంది. "పోయినాక ఎవురెవరి చేతుల్లోనో పడతాది. ఆమె బాగా చూసుకుంటాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక అందరి మీదా మండింది. ఒకసారి ఒడిలో పెట్టి ఇచ్చిన బిడ్డను వెనక్కి తీసుకునే వాడుక వాళ్ళింట్లో లేదు. అడగడం కూడా తప్పు. బుధవారం పగలు పన్నెండుకు రాహుకాలం పడుతుంది కాబట్టి ఆలోపే ఆ పని కానిచ్చి, మధ్యాహ్నం రైలుబండికి బిడ్డను తీసుకుపోవాలని నిశ్చయించారు.

ఆ బుధవారం పొద్దున నేను ల్యాబులో మామూలుగా పనిచేస్తున్నాను. మామూలుగా అంటున్నాను గానీ చేతులు మాత్రమే పనిచేస్తున్నాయి. ఒక సిపాయికి మలేరియా ఉందేమో చూడమని పంపారు. రంగు వేసి చూశాను. ఎర్రకణాలు గులాబీగా లేవు. బూడిద రంగులో, నీలం నీడతో ఉన్నాయి. ఏడ్చిన కండ్లకు అలా కనిపిస్తోందేమో అనుకుని కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూశాను. అంతే ఉంది. ముందురోజు స్లైడు తీశాను, అదీ నీలమే. వెనక్కి వెనక్కి తీసుకుంటూ పోయాను. ఆయుధపూజకు ముందువి వచ్చేసరికి కణాలు చక్కగా గులాబీ రంగులో మెరిశాయి. పూజ తర్వాతివి అన్నీ నీలం.

వేలికి సూది గుచ్చుకుని నా రక్తాన్నే ఒక పలక మీద పూశాను. రంగు వేసి చూస్తే, ఎలాంటి జబ్బూ లేక దుక్కలా ఉన్న నా రక్తం కూడా నీలంగా వచ్చింది. అంటే తప్పు రక్తంలో లేదు, రంగు వేయడంలో ఉంది. మరి అక్క మజ్జలో కనిపించిన ఆ ముదురు నీలం మాటేమిటి? అదీ అబద్ధమేనా? లేక నా ఆశ నాతో ఆడుకుంటోందా? ఆ సంగతి తేల్చగలిగింది డాక్టరు ఒక్కరే. ఆయన కాలేజీలో పాఠం చెప్పడానికి పోయారు, పన్నెండు దాటితే గానీ రారు.

గడియారం చూశాను. వార్డులో ఆ కార్యం మొదలయ్యే వేళైంది. పరుగెత్తాను.

వార్డు మూలలో అక్క మంచం చుట్టూ చీర తెరలా కట్టారు. అక్కకు తల దువ్వి, పూలు పెట్టి, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. ఆ పూలు చూస్తే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆడబిడ్డ తలంటుకుని, పసుపు చీర కట్టుకుని, మంచం పక్కన చాప మీద కొంగు పరిచి కూర్చుంది. పళ్ళెంలో ఆకులూ వక్కలూ పసుపుకొమ్ములూ. బావ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అత్త తొందరపడుతోంది.

"పొద్దు పోతా ఉండాది. బిరబిర కానీండప్పా. రాహుకాలం వస్తే మళ్ళా అది పోయేదాకా కుదరదు, బండి తప్పిపోతాది."

ఏం చెప్పను? డాక్టరు చూడకుండా ల్యాబు మాట బయటికి రాకూడదు. ఆయన మా అందరికీ పెట్టిన మొదటి నియమం అది. పోనీ చెప్పేస్తే, మధ్యాహ్నం ఆయన వచ్చి కాదు, ఇది క్యాన్సరే అంటే? ఒకసారి చావుకు సిద్ధపడిన మనిషికి ప్రాణం మీద ఆశ చూపించి మళ్ళీ లాక్కోవాలా? ఆ పాపం నేను మోయలేను. అలాగని నోరు మూసుకుని బిడ్డను పోనివ్వనూలేను.

అక్క రెండు చేతులా బిడ్డను ఎత్తింది. ఆడబిడ్డ కొంగు రెండు చివర్లూ పట్టుకుని ఒడి చాచింది. నేను ఆమెకు ఎదురుగా నిలబడి, వార్డంతా వినబడేలా తుమ్మాను.

ఒక్కటే తుమ్మాను.

"అయ్యో నీ నోట్లో మన్ను పడ! ఈ వేళకేనా?" అంది అత్త. ఒంటి తుమ్ము అపశకునం. అదే జంట తుమ్మయితే దోషం లేదు. ఆ సంగతి గుర్తొచ్చి ఆమె గొంతు వెంటనే మెత్తబడింది. "ఇంకోటి తుమ్ము తల్లీ. ఒకటే ఒకటి. నా బంగారు కదా."

"రావడం లేదత్తా."

"వస్తాది, ప్రయత్నం చెయ్. ఎండలోకి చూడు."

కిటికీలోంచి ఎండ వైపు చూశాను. ముక్కు నలిపాను. అత్త నా మొహంలో మొహం పెట్టి ఎదురుచూసింది. ఇంకో సమయంలో అయితే పడీపడీ నవ్వేదాన్ని. అప్పుడు మాత్రం నిజంగానే ఇంకో తుమ్ము వచ్చేస్తుందేమోనని పండ్లు బిగపట్టి ఊపిరి ఆపుకున్నాను.

"రాకుంటే పోనీలే. తలా ఇన్ని నీళ్ళు తాగి మళ్ళా కూర్చుంటే సరిపోతాది" అని అత్త చెంబు అందుకుంది.

అప్పుడు ఆడబిడ్డ చాచిన కొంగును మెల్లగా వెనక్కి తీసుకుంది. నా వైపు ఒకసారి చూసి, తల్లి వైపు తిరిగింది.

"నేను ఒడి పట్టనమ్మా. ఒంటి తుమ్ము మీద తీసుకున్న బిడ్డ నాకు దక్కుతాదా? రాహుకాలం పోయినాక చూద్దాం."

"బండి?"

"పోతే పోనీ."

అత్త చెంబు కింద పెట్టింది. అక్క బిడ్డను గుండెకు ఆనించుకుని కండ్లు మూసుకుంది. నాకు దొరికింది ఒక్క రాహుకాలం. మళ్ళీ ల్యాబుకు పరుగు.

డాక్టరు రావడం ఆలస్యమైంది. ఆ కాసేపట్లో నేను ఎన్నిసార్లు గేటు దాకా పోయి వచ్చానో. ఆయన రాగానే స్లైడ్లు వరసగా పరిచి పెట్టి, పూజకు ముందువీ తర్వాతవీ చూడండి సార్ అన్నాను. తిడతారనుకున్నాను, తిట్టారు కూడా. నీ అక్క అని నీ కండ్లు నీ మాట వింటున్నాయి అన్నారు. కానీ తిడుతూనే కూర్చుని చూశారు. ఒకటి, ఇంకొకటి, నా రక్తం స్లైడు. కాలు ఊపడం మొదలుపెట్టారు. చటుక్కున లేచి, బట్టీ నీళ్ళ సీసాలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచారు. కాగితం నీలంగా మారింది.

"ఈ సీసా ఎవరు కడిగారు?" అన్నారు.

అటెండరు చేతిలోని గుడ్డ కింద పెట్టాడు. "పూజకు సార్. తళతళలాడాలని మీరే... చాకలి సోడాతో..."

డాక్టరు కుర్చీలో కూలబడ్డారు. సోడా అంటిన సీసాలో నీళ్ళు, ఆ నీళ్ళలో రంగు. సోడా కలిస్తే ఈ రంగు ప్రతిదాన్నీ నీలం చేస్తుంది. మామూలుగా నీళ్ళను సరిచేసే బిళ్ళలు మా దగ్గర ఉండేవి. యుద్ధంతో ఇంగ్లండు సీమ నుంచి ఓడలు ఆగిపోయి అవి రావడం లేదు. పూజ చేయించింది ఆయన, నీళ్ళు పరీక్షించకుండా వదిలేసిందీ ఆయన. ఇవన్నీ ఆయన నాకు చెప్పలేదు, అటెండరునూ ఏమీ అనలేదు. తన నుదుటి మీద ఒకసారి అరచేత్తో కొట్టుకున్నారు.

"మజ్జ స్లైడు ఇంకా ఉందా?"

"ఒకే ఒకటి ఉంది సార్."

ఇంజెక్షన్లలో కలపడానికి గాజు గొట్టాల్లో మూతి కరిగించి మూసిన శుద్ధమైన నీళ్ళు వస్తాయి. మందుల గదిలోంచి అవి తెప్పించారు. కొత్త గిన్నె తీశారు. ముందు నా రక్తం మీద వేసి చూశాం. గులాబీ! నా రక్తం నాకు అంత ముద్దొచ్చింది ఎప్పుడూ లేదు. ఆ తర్వాత డబ్బాలోంచి అక్క స్లైడు తీసి, కాగితం విప్పాను.

రంగు ఆయనే పోశారు. నా చేతులు ఆ పనికి పనికిరావని ఆయనకు కనిపించింది. నీళ్ళు కలిపి, స్లైడును కదపకుండా కూర్చున్నాం. ఎక్కువసేపు ఉంచితే ముదిరిపోతుంది, తక్కువైతే తేలిపోతుంది. చెడిపోతే మళ్ళీ సూదే, అక్క దానికి ఉండదు. రాహుకాలం అయిపోవస్తోంది. అత్త ఈపాటికి మళ్ళీ పళ్ళెం సర్దుతూ ఉంటుంది. డాక్టరు స్లైడును కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. దానిమీద పూజనాటి కుంకుమ బొట్టు ఇంకా ఉంది.

చూశారు. చూస్తూనే ఉన్నారు. నేను ఏ దేవుణ్ణి పిలిచానో నాకు గుర్తులేదు.

"బా, నోడు" అన్నారు చివరికి, తెలుగు మరిచిపోయి, వచ్చి చూడమని కన్నడంలోనే. నా భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టారు.

అవే పెద్ద కణాలు. కానీ ఈసారి కొన్నిటి ఒంట్లో నీలం కరిగి, అంచుల్లోంచి లేత గులాబీ పొడసూపుతోంది. తెల్లకణాల్లో ఆ గులాబీ రాదు. అది ఎర్రకణానికే వచ్చే రంగు. ఇవి క్యాన్సర్ కణాలు కావు. తిండిలో సారం లేక ముదరలేకపోయిన ఎర్రకణాలు, పుట్టి పెరగడానికి తంటాలు పడుతున్న పసివి. దీనికి మందు ఉంది. కాలేయం నుంచి తీసిన సూదిమందు ఉంది, ఈస్టు నుంచి తీసిన నల్లటి ముద్ద ఉంది.

నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. "ఏడవడానికి వేళ కాదమ్మా, పద" అని డాక్టరు నాకంటే ముందు పరుగెత్తారు. అంత పెద్దమనిషి వసారాలో పరుగెత్తడం అందరూ నిలబడి చూశారు.

వార్డులో ఆడబిడ్డ మళ్ళీ చాప మీద కూర్చుని ఉంది. కొంగు ఇంకా చాచలేదు. డాక్టరు అక్క మంచం దగ్గర నిలబడి, చేతులు జోడించి, "నేను తప్పు చెప్పాను తల్లీ" అన్నారు. మా వల్ల రంగు చెడిందనీ, ఇది మందుతో నయమయ్యే జబ్బనీ చెప్పారు. పత్యం ఈ క్షణం నుంచే బంద్, ఆకుకూర పెట్టండి అని అత్తకు చెప్పారు. బావ పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అత్త నమ్మాలో వద్దో తెలియక పళ్ళెం పట్టుకుని నిలబడింది. అక్క మాత్రం డాక్టరును చూడలేదు. ఆడబిడ్డను చూసింది. ఆడబిడ్డ చాప మడిచి గోడకు పెట్టింది.

అయినా నా భయం వెంటనే పోలేదు. మందు పడితే ఆ వారంలో కొత్త ఎర్రకణాలు పుట్టుకు రావాలి. వాటిని చూడటానికి ఇంకో రకం మందు వేస్తాం, అది కొత్త కణాల లోపల సన్నటి నీలి దారాల చిక్కులా కనిపిస్తుంది. నీలాన్ని చూసి వణికిన నేను ఈసారి రోజూ నీలం కోసం వెతుక్కున్నాను. మొదట్లో ఏమీ లేదు. మరునాడూ లేదు. ఆ తర్వాత ఒక పొద్దున అక్కడొకటి ఇక్కడొకటి. ఆ మరునాడు ఎటు చూసినా అవే. అదే రోజు అక్క ఆకలిగా ఉందని అడిగి అన్నం పెట్టించుకుంది.

అక్క లేచి కూర్చుని బిడ్డను తనే పట్టుకోగలిగే దాకా ఆడబిడ్డ ఊరికి పోలేదు. రాత్రీ పగలూ బిడ్డను చూసుకుంది, అక్క కాళ్ళు పట్టింది. పోయేనాడు నేను జట్కా దాకా సాగనంపాను. జట్కాలో కూర్చున్నాక ఆమె నన్ను దగ్గరికి రమ్మంది.

"ఆ పొద్దు నువ్వు తుమ్మింది దొంగ తుమ్ము కదా" అంది.

నేను తల దించుకుని జట్కా చక్రం వైపు చూశాను.

"నా కండ్లలోకే చూస్తా తుమ్మినావు. నిజం తుమ్మొస్తే ఎవురన్నా కండ్లు తెరిచి పెట్టుకుంటారా అమ్మీ?"

"తెలిసి కూడా ఎందుకు వదినా ఒడి తీసేసినారు?" అన్నాను. "ఆ పొద్దు తీసుకునుంటే బిడ్డ మీదే కదా."

ఆమె కొంగును ఒడిలోకి లాక్కుని మడతలు సరిచేసుకుంది.

"బిడ్డ కావాలని నేను మొక్కని దేవుడు లేడు. కానీ మీ అక్కను తీసుకుపోయి నాకు బిడ్డనియ్యమని ఏ దేవుణ్ణీ అడగలేదు. నువ్వు ల్యాబులోంచి పరిగెత్తుకుంటా వచ్చి తుమ్మినావంటే, ఆమె బతికేదానికి ఏదో దారి ఉండాదనుకున్నా."

జట్కావాడు గుర్రాన్ని అదిలించాడు. ఆమె మళ్ళీ నా వైపు చూడలేదు. నేను ల్యాబుకు తిరిగి వచ్చి కూర్చున్నాను. ఆ రోజు వరసగా స్లైడ్లు పాడుచేశాను. డాక్టరు చూసి, ఇంకో కొత్త పలక తీసి నా ముందు పెట్టారు.